పదికి పది

అక్కా, నేను క్షేమమే, గొంతు మాత్రం పోయింది.

ప్రమాదాల నుంచి బయటపడ్డవాళ్ల మనసుకు సాయం చేయడం ఎలాగో నర్సులకు నేర్పడానికి వచ్చాను కదా, వీళ్లతో తల ప్రాణం తోకకొస్తోంది. ఒకరు బాధితురాలిగా నటించాలి, ఇంకొకరు నోరు మెదపకుండా వినాలి, అంతే. వినరే. రెండో మాటకే "ఊరుకోండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అంటారు. నాలుగు రోజులుగా మొత్తుకుంటూనే ఉన్నాను.

నిన్న అందరిలోకీ పెద్ద నర్సు బాధితురాలైంది. లారీ గుద్ది పోయిన తమ్ముడి చెప్పులు ఆసుపత్రి నుంచి ఇంటికి మోసుకొచ్చిన సంగతి చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నటనకు పదికి పది వేశాను. భోజనాల దగ్గర, అంత బాగా ఎలా కల్పించారని అడిగాను కూడా.

"కల్పించలేదు మేడం. పదకొండేళ్లయింది. చెప్పులింకా గుమ్మం పక్కనే ఉన్నాయి" అంది.

ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్నాను, ఏం లాభం?

వంటింటి కుళాయి బాగు చేయించావా? పోయినసారి నా కళ్లజోడు మీ బీరువా మీద మర్చిపోయాను, తీసి జాగ్రత్త చెయ్యి. బీపీ మాత్రలు మానకు. పిల్లలకు నా దీవెనలు.

బావ పోయినప్పటి నుంచీ ఫోన్ చేసినప్పుడల్లా "నాకేం, బాగానే ఉన్నా" అంటావు. దానికీ పదికి పది వేస్తూ వచ్చాను. ఈ శిక్షణ అవగానే తిన్నగా నీ దగ్గరికే వస్తాను. నువ్వు చెప్పు. నిన్ను ఊరుకోమనను.

నీ చెల్లి