నా చెమట అంగి

మంగళారం, రాత్రి

ఒళ్ళంత పులిసిపోయింది. నాలుగ్గంటలకు లేచి బర్ల పాలు పిండిన, మధ్యాహ్నం వీసా కాయితాల కోసం మలక్‌పేటకు రెండుసార్లు తిరిగిన. బిడ్డకు సెయింట్ లూషియాల డాక్టర్ చదువు ఒడిసింది, వచ్చే నెల పట్టా ఇస్తరట. మ్యాపుల ఆ దీవి పెసరగింజంత లేదు. పోయి రానీకి పది దినాలు.

నా ఫికరంత నల్లబర్రె మీదనే. వేరేటోళ్ళ చెయ్యి పడితే పాలు పైకి గుంజుకుంటది.

"నువ్వు రాకుంటే నేను గూడ పోను," అని నా భార్య యాదమ్మ మొండికేసింది. సాయంత్రం నేను విడిచిన అంగిని మా తమ్మునికి తొడిగి, "నీ వాసనుంటే చాలేమో, చూద్దాం," అన్నది. నన్ను గేటు బయట నిలవెట్టింది. బర్రె పాలియ్యదనే అనుకున్న. నిజం చెప్పాల్నంటే, ఇయ్యొద్దని గూడ అనుకున్న.

బకెట్ల పాలధార చప్పుడు వినవడ్డది.

"అన్నా, ఎప్పటి లెక్కనే ఇచ్చింది! బేఫికర్ పోయిరా!" అని తమ్ముడు అరిసిండు.

సంబురపడాలె నేను. కానీ అక్క కొడుకు పెండ్లి యాదికొచ్చింది. పోలే. యాదమ్మ తిరుపతి పోదామని ఎన్నేండ్లు అడిగిందో. పోలే. ఎవరడిగినా ఒకటే మాట చెప్పిన, "నేను లేకుంటే బర్లు పాలియ్యవు" అని.

యాదమ్మ ఆ అంగిని ఉతకకుండ మడతపెట్టి తమ్మునికిచ్చింది.