ఏసీ ఆపిన గది

2004 ఏప్రిల్ 19
ఈరోజూ కదల్లేదు. మైటోకాండ్రియా, కణానికి శక్తినిచ్చే ఆ సన్నని పోగులు, కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ స్క్రీన్ మీద మెరుస్తూ పడున్నాయి. మధ్యలో సన్నబడి, తెగి, రెండవుతాయని పేపర్లలో ఉంది. నా ముందు మాత్రం భీష్మించుకు కూర్చున్నాయి. బయట తారు కరుగుతోంది, ఇక్కడ నేను స్వెట్టర్‌లో.

ఏప్రిల్ 22
గైడ్ సూర్యప్రకాష్ గారు టాపిక్ మార్చుకోమ్మా అన్నారు. ఫిక్స్ చేసిన స్లైడ్లు, అంటే చంపేసిన కణాలు, చూసి థీసిస్ రాసేయమన్నారు. జూన్‌లో రివ్యూ. ఈలోగా ఒక్కటైనా తెగడం చూపించకపోతే టాపిక్ ఆయనే మార్చేస్తారట. మూడేళ్ల పని!
మార్చను.

ఏప్రిల్ 25, ఆదివారం, బందరు
అమ్మ చేపలమ్మే చోట కూర్చున్నాను. చచ్చిన చేపల మీద ఐసు. పక్కన తొట్టిలో బతికున్న కొరమీనులు, వాటికి మామూలు నీళ్లే. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. నాకు బుద్ధుందా అసలు? ఎలుక కణాలు, వాటికి ముప్పై ఏడు డిగ్రీలు కావాలి. ఏసీ గదిలో పద్దెనిమిదిలో పెట్టి కదలవేంటని తిడుతున్నాను. మైక్రోస్కోప్ కింద కణాల డిష్‌ని వేడి చేసే స్టేజి మా డిపార్ట్‌మెంట్‌లో లేదు. ఎండ ఉంది.

ఏప్రిల్ 26
ఏసీ ఆపుదామన్నాను. సార్ మండిపడ్డారు. మైక్రోస్కోప్ లేజర్ వేడెక్కి పోతే ఎవరు తెస్తారు, ఇదేమైనా మీ చేపల మార్కెట్టా అన్నారు. కాదండీ, అక్కడైతే ఐసు వేటికి వెయ్యాలో తెలుసండీ అన్నాను.
నోరు జారింది. జారితే జారింది.

మే 11
సార్ గుంటూరు వెళ్లారు. ఏసీ ఆపేశాను. నల్ల కర్టెన్ దించి, దాని వెనక కిటికీ తెరిచాను. ఊరంతా తిట్టుకునే ఎండ మెల్లగా లోపలికొచ్చింది. భోజనాల వేళకి థర్మామీటర్ ముప్పై ఏడు దగ్గర నిలబడింది. లేజర్ ఫ్యాన్ గోలపెడుతోంది. పోతే నా చదువూ దాంతోనే పోతుంది. అయినా ఆపలేదు.
ఒక పోగు మధ్యలో నొక్కినట్టయింది. సన్నబడింది. ఇంకా సన్నబడింది. తెగింది! రెండు ముక్కలూ చెరోవైపు జరిగాయి. చెమట తుడుచుకుంటున్నాననుకున్నాను, ఏడుస్తున్నాను.

మే 12
ఏసీ ఆపానని నేనే చెప్పాను. దాక్కోవడానికి నేనేం దొంగతనం చేశానని? సార్ మెమో ఇచ్చారు. తీసుకుని, వీడియో పెట్టాను. మళ్లీ పెట్టమన్నారు. మళ్లీ. ఇంకో డిష్‌లో నా కళ్లెదురుగా చూపించు, అప్పుడు నమ్ముతానన్నారు.

మే 13, మధ్యాహ్నం
మెడలో తడి తువ్వాలుతో సార్ నా పక్క స్టూల్ మీద. ఏసీ వెయ్యమంటారాండీ అని అడగబోయాను. ష్, సన్నబడుతోంది అన్నారు.