కిటికీ మంచం మీద ఎర్ర గుడ్డ

కోరుట్ల, 3-6-1990

జగిత్యాలలో వృద్ధాశ్రమం నడుపుతున్న బాపు రావు గారికి, బడి పంతులు పరశురాములు నమస్కరించి రాయునది.

మా అమ్మ సత్యవ్వకు డెబ్బై ఏళ్ళు. సిరిసిల్లలో యాభై ఏళ్ళు మగ్గాలకు కండెలు చుట్టిన మనిషి. నేనూ నా భార్య నీలా ఉద్యోగాలకు పోతే పొద్దంతా ఇంట్లో ఒక్కతే. "గోడలతోని ఎంతసేపు ముచ్చట పెట్టాలె? నలుగురున్న కాడ నన్ను దించు" అంటుంది. కన్నతల్లిని ఆశ్రమంలో వేశాడని లోకం అంటుందని నాకు గుండెలో ముల్లు. ఆమెకా బెంగే లేదు.

సిరిసిల్లలో ఒక ఆశ్రమం చూసింది. అందరూ తెలిసినవాళ్ళేనట, వాళ్ళ కోడళ్ళ సంగతులు వినలేనని తిరిగొచ్చింది. కోరుట్లలో ఇంకొకటి మరీ నిశ్శబ్దంగా ఉందట. మగ్గం చప్పుడు లేనిదే ఆమెకు కునుకు పట్టదు. ఆదివారం మీది చూడడానికి వస్తుంది, ఒక్కతే. నేను వెంట ఉంటే మీరు మర్యాదలు చేసి అసలు సంగతి దాస్తారట.

ఇట్లు,
పరశురాములు

తా.క. సరిగ్గా భోజనం వేళకు వస్తుంది.

జగిత్యాల, 11-6-1990

పరశురాములు గారికి,

మీ అమ్మగారు వచ్చారు. దుప్పటి అంచు రెండు వేళ్ళతో నలిపి, రెండు ఉతుకులకే జల్లెడవుతుందన్నారు. పప్పును గరిటెతో ఎత్తి పోసి చూశారు. వంట చేసే సమ్మవ్వకు జీతం సరిగా ఇస్తున్నానా అని ఆరా తీశారు. పోతూ పోతూ నాతో, "పప్పు చిక్కగుండాలె దొరా. మల్ల అచ్చి సూస్త" అన్నారు.

అంతవరకు బాగానే ఉంది. ఆమె వెళ్ళాక చూస్తే కిటికీ పక్క ఖాళీ మంచం మీద ఎర్ర గుడ్డ పరిచి ఉంది. ఎవరు పరిచారో ఎవరూ చూడలేదు. మేడిపల్లిలో నా పొలంలో అన్నలు ఎర్ర జెండా పాతిన నాడే నేను ఊరు విడిచాను. ఆ మడిలో ఇప్పటికీ ఎవరూ నాగలి పెట్టలేదు. అందుకని ప్రస్తుతానికి ఎవరినీ చేర్చుకోవడం లేదు. ఆ గుడ్డ సంగతి మీకేమైనా తెలుసా?

ఇట్లు,
బాపు రావు

తా.క. ఆ మంచం మా బావమరిది అత్తగారి కోసం ఉంచాను. ఆమె ఇప్పుడు రానంటోంది.

కోరుట్ల, 15-6-1990

బాపు రావు గారికి నమస్కారాలు.

అమ్మ సిరిసిల్లలో మా అక్క లీల ఇంటికి పోయింది. ఆ గుడ్డ విషయం నాకు తెలియదు. దుప్పట్లు బాగాలేవు కనుక ఎవరో దయతో పరిచి ఉంటారు. గుడ్డ కొరతైతే మొహమాటపడకండి. మా అక్క వాళ్ళు ఎర్ర గుడ్డే నేస్తారు. మీ మంచాలన్నిటికీ సరిపడా పంపిస్తాం, మీ ఇంటికి కూడా.

అమ్మ చెప్పినవి మాత్రం వెంటనే చేయించండి. ఆమె ఏదీ రెండోసారి చెప్పదు.

ఇట్లు,
పరశురాములు

తా.క. మీ ఇంటి అడ్రసు రాయండి. కనుక్కోవడం కష్టమేమీ కాదనుకోండి.

జగిత్యాల, 18-6-1990

పూజ్యులు పరశురాములు సారుకు వేయి దండాలు.

గుడ్డ పంపకండి. ఒక్కటే చాలు.

పప్పులో గరిటె నిలబడుతోంది. సమ్మవ్వ జీతం పెంచాను, పాత బాకీ కూడా ఇచ్చాను. కొత్త దుప్పట్లు వచ్చాయి. కిటికీ మంచం వైపు ఎవరూ పోవడం లేదు, ఊడ్చేవాళ్ళు కూడా. ఈ సంగతులు ఎవరికి చేరాలో వారికి మీరే చేరవేయగలరు.

మీ విధేయుడు,
బాపు రావు

తా.క. నేను మొదటినుంచీ పేదల పక్షమే.

కోరుట్ల, 23-6-1990

బాపు రావు గారికి,

అమ్మ వచ్చింది, అడిగాను. ఆ గుడ్డ ఆమెదే. బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటాం కదా, అట్లాగే మంచం ఆపుకున్నదట. ఆ కిటికీకి ఎదురుగానే మగ్గాల షెడ్డు ఉందటగా! మిమ్మల్ని అనవసరంగా భయపెట్టినందుకు క్షమించండి. గురువారం ట్రంకుపెట్టెతో దిగుతుంది.

ఇట్లు,
పరశురాములు

తా.క. అడ్రసు అడిగింది దసరాకు మీ చేతిలో జమ్మి ఆకు పెట్టి, దండం పెట్టి పోదామని.

జగిత్యాల, 2-7-1990

పరశురాములు గారికి,

నిజం రాస్తున్నాను. మీ ఉత్తరం చదివి ఊపిరి పీల్చుకుని, ఆ పూటే పప్పులో నీళ్ళు పోయించాను. బావమరిది అత్తగారికీ కబురు పెట్టాను.

గురువారం మీ అమ్మగారు వచ్చి ఒక్క ముద్ద తిన్నారు. కంచం పక్కకు జరిపి లేచారు. భోజనాలయ్యాక చూస్తే పద్నాలుగు మంచాల మీదా ఎర్ర గుడ్డ ముక్కలు. ఆమె చింపి పంచితే ముసలమ్మలందరూ పరుచుకుని కూర్చున్నారు. బస్సు దస్తీ సంగతి నాకు తెలిసిపోయిందని నవ్వాను. ఆమె నవ్వలేదు. "బస్సుల నేను ఎన్నడేసినా తెల్ల దస్తే ఏస్త దొరా. ఎర్రది యాడ ఎయ్యాల్నో నాకెరుకే" అన్నారు.

నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ముసలమ్మలు పడీపడీ నవ్వుతుంటే నాకూ నవ్వాగలేదు. పప్పు మళ్ళీ చిక్కబడింది, ఇక పలచబడదు. కిటికీ మంచం ఆమెదే. మగ్గాల చప్పుడు వింటూ మధ్యాహ్నమంతా హాయిగా గుర్రు పెడుతున్నారు.

మీ గుండెలో ముల్లు తీసేయండి. మీ అమ్మగారిని మీరు ఆశ్రమంలో వేయలేదు. ఆమే ఆశ్రమాన్ని పట్టుకున్నారు.

ఇట్లు,
బాపు రావు

తా.క. నాకూ వయసు మీద పడుతోందని పక్క మంచం మీద నా దస్తీ వేశాను. తీసి నా చేతిలో పెట్టి, "గీ వరుస ఆడోళ్ళ సీట్లు" అన్నారు.