పెనుకొండ దాటనియ్యొద్దు

నాయనా,

పదకొండు గంటలకు కంప్యూటర్ అంగడి ఆయప్ప వస్తాడు. డబ్బా ఎత్తుకుపోనియ్యొద్దు. ఫార్మాట్ కొడితే బాగవుతుందంటాడు, ఒప్పుకోవద్దు. కొడితే మన వీరేష్ చేసిన రైలు ఆట మొత్తం తుడిచిపెట్టుకు పోతుంది.

డబ్బా మీద తడిగుడ్డ కప్పడం కూడా మానుకో. అదేమన్నా నీ లారీ రేడియేటరా? ఆట ఆగిపోతాండేది వేడికి కాదు. నిన్న ఆదివారం కూర్చోని ఫైళ్లన్నీ తెరిచి చూసినా. హిందూపురం నుంచి పెనుకొండ దాకానే వాడు పట్టాలు వేసినాడు. అది దాటుతానే ఆట మూతపడుతుంది. మిగతా దారి వేసేలోపల వాడే పోయినాడు.

అందుకే పెనుకొండలో బండి నిలిపెయ్. హిందూపురం నుంచి మళ్లా మొదలుపెట్టుకో.

రాగి ముద్ద గిన్నెలో ఉండాది, పప్పు వేడి చేసుకో. వాడు పోయి ఎనిమిది నెలలాయ. పొద్దస్తమానం ఆ బండి నడుపుతావే గానీ నాతో నోరిప్పి ఒక్క మాట మాట్లాడవు. నేనూ వాని అక్కనే కదా నాయనా.

నా ధర్మవరం బండికి టైమైంది, పోతాండా.

సుకన్య

నిన్న నీకు చెప్పలేకపోయినా. ఆటలో ధర్మవరం స్టేషన్‌ను వాడు ముందే కట్టి పెట్టినాడు. మధ్యలో పట్టాలు కలపడమే మిగిలింది. ఆడ ప్లాట్‌ఫాం మీద పచ్చ బ్యాగు తగిలించుకోని ఒకామె నిలబడి ఉండాది. చీరలంగడి పని ముగించుకోని సాయంత్రం బండికి నేను నిలబడేది అట్లనే. ఆమె నేనే నాయనా. వాడు తెచ్చే బండి కోసం చూస్తాండా.