ఎండ పడే గది

ఆక్లాండ్
8 మార్చి 1998

ప్రియమైన భార్గవికి,

చేరాను, బాగున్నాను, అన్నం మాడకుండా వండటం వచ్చింది. మొన్న ఫోన్‌లో ఈ మూడు ముక్కలూ చెప్పేసరికే మూడు నిమిషాలు అయిపోయాయి. ఈ-మెయిల్ ఇద్దామంటే మీ ఆఫీసు మొత్తానికీ ఒకటే మెయిల్, మన సంగతులు మీ మేనేజరు అందరికీ చదివి వినిపిస్తాడు. కాబట్టి ఇక ఉత్తరాలే.

నువ్వు వచ్చేలోగా ఇల్లు సంగతి తేల్చాలి. అద్దెకు తీసుకుందామా, కొందామా? ఆఫీసులో అందరూ ఏడాది అద్దెకుండు, ఊరు అర్థమయ్యాక కొనుక్కో అంటున్నారు. వాళ్లన్నది సబబే. కానీ అద్దె ఇళ్లు నాలుగు చూశాను. అన్నీ చెక్క ఇళ్లే. పడకగది మూలల్లో చెమ్మ, నల్లటి బూజు. కిటికీలకు రంగు మీద రంగు వేసి అతుక్కుపోయాయి, తెరుచుకోవు. ఏజెంటు ఇక్కడంతే అని నవ్వాడు. అలాంటి గదిలో నిన్ను ఉంచలేను.

అమ్మకానికున్న ఇల్లు ఒకటి చూశాను. చిన్నదే, కానీ పడకగదిలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండ. ప్లాను గీసి పంపుతున్నాను. ఇంకో వింత, ఇక్కడ ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది. ఉత్తరం ఇల్లంటే జనం ఎగబడతారు.

నీ మాట చెప్పు. ఇద్దరం ఉండబోయే ఇంటిని నేనొక్కణ్ణే తేల్చను.

నీ
దినేష్


గోపన్‌పల్లి
29 మార్చి 1998

ప్రియమైన మీకు,

కొనండి. కొనండి. కొనండి.

అయిదేళ్ల కాపురంలో నాలుగు అద్దె ఇళ్లు. మొదటాయన గోడకు మేకు కొట్టనివ్వలేదు, క్యాలెండరు కుర్చీ మీద పెట్టుకున్నాం. రెండో ఆవిడ మా అక్క వస్తే రెండు పూటలు చూసి, మూడో పూట నీళ్ల మోటారు కట్టేసింది. మూడో ఇంట్లో చేపల కూర వండితే పైవాళ్లు సాంబ్రాణి వేశారు. ఇప్పుడున్న కొమురమ్మగారు మంచిదే, కానీ ఆవిడ మంచితనం మీద మనం ఎన్నాళ్లు బతుకుతాం?

అయితే ఈ ఇల్లు వద్దు. ప్లాను తీసుకుని అమీర్‌పేటలో మన సుబ్బరాయుడు సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు సర్దుకుని చూసి, "ఈశాన్యంలో పాయిఖానా పెట్టిన మహానుభావుడు ఎవరమ్మా?" అన్నారు. అక్కడ సూర్యుడు ఉత్తరాన నడుస్తాడని చెబితే, "అయితే నా పుస్తకాలన్నీ తలకిందులుగా పట్టుకుని చదవాలి" అని నిట్టూర్చారు. మళ్లీ వారం రమ్మన్నారు. వెళితే, సూర్యుడు ఎటు పోయినా దిక్కులు దిక్కులేనని తేల్చారు. కాబట్టి ఇంకోటి చూడండి. గృహప్రవేశానికి ఇద్దరం పీటల మీద కూర్చోవాలి, నేను రాకుండా పాలు పొంగించారంటే ఊరుకోను.

మే మొదటి వారంలో నా వీసాకు మెడికల్. రక్తం, ఎక్స్-రే. అదయితే టిక్కెట్టే.

మీ
భార్గవి


ఆక్లాండ్
10 మే 1998

ప్రియమైన భార్గవికి,

దిక్సూచి కొన్నాను. ఇళ్లు చూపించే అమ్మాయి ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని గదిగదీ తిరిగాను. ఆ అమ్మాయి నన్ను సర్వేయరు అనుకుంది.

ఈసారి ఈశాన్యంలో ఏమీ లేదు, ఒక గులాబీ చెట్టు తప్ప. వంటిల్లు ఆగ్నేయం. పడకగదికి రెండు వైపులా కిటికీలు, రెండూ బాగా తెరుచుకుంటాయి, నేనే తెరిచి చూశాను. ప్లాను జత చేశాను. ఇంటివాళ్లు నెల రోజులు ఆగుతామన్నారు. సిద్ధాంతిగారి కాళ్లు పట్టుకునైనా సరే త్వరగా చెప్పించు. ఆ గదిలో నిలబడితే నువ్వు కిటికీ దగ్గర తల ఆరబెట్టుకుంటున్నట్టే ఉంది.

నీ
దినేష్


గోపన్‌పల్లి
7 జూన్ 1998

ప్రియమైన మీకు,

సిద్ధాంతిగారు చూశారు. నైరుతిలో నేల పల్లంగా ఉన్నట్టుంది, మంచిది కాదన్నారు.

నాకూ ఇప్పుడు వేరేగా అనిపిస్తోంది. ఏం తొందర? మీ ఆఫీసువాళ్లు చెప్పినట్టు ఏడాది అద్దెకుండండి. కొన్నాక వదులుకోవడం కష్టం. అద్దె అయితే ఒక్క నెల ముందు చెప్పి బయటపడొచ్చు.

మెడికల్ అయింది. ఇంకేవో కాగితాలు కావాలట, ఆలస్యం అవుతుందన్నారు. ఇక్కడ వానలు ఇంకా పడలేదు. మా ఆఫీసు మాదాపూర్‌లో కడుతున్న ఆ గుండ్రటి బిల్డింగులోకి మారుతుందని అంటున్నారు. వేళకు తినండి.

మీ
భార్గవి


ఆక్లాండ్
12 జులై 1998

ప్రియమైన భార్గవికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మార్చిలో కొనండని మూడుసార్లు రాసింది నువ్వేనా? అప్పుడు అద్దె ఇళ్ల మీద అంత కోపం, ఇప్పుడు అద్దె మీద ఇంత ప్రేమ. నైరుతి పల్లంగా ఉందని నా ప్లానులో ఎక్కడా గీయలేదే? అది సిద్ధాంతిగారికి అమీర్‌పేటలో కూర్చుంటే ఎలా కనిపించింది?

సరే, ఆ ఇల్లు పోయింది. మూడోది దొరికింది, ప్లాను పంపుతున్నాను. ఇక్కడిప్పుడు చలికాలం. నేనుంటున్న గదిలో దుప్పటి కూడా తడిగా తగులుతుంది. అందుకే చెబుతున్నాను, అద్దె వద్దు.

కాగితాల గురించి దిగులు పెట్టుకోకు. నా ఫైలూ నెల రోజులు ఆగింది, గుర్తుందిగా. ఆఫీసులన్నాక అంతే.

పోయిన ఆదివారం ఫోన్‌లో తెగ దగ్గావు. మందు తాగుతున్నావా?

నీ
దినేష్


బోరబండ
13 సెప్టెంబరు 1998

ప్రియమైన మీకు,

పైన చిరునామా చూశారు కదా. ఇల్లు మారాను. గోపన్‌పల్లిలో ఎటు చూసినా తవ్వకాలు, దుమ్ము, ఆ దగ్గు అందుకే. ఇక్కడ రైలు స్టేషను దగ్గర. ఒక గది, ఒక పొయ్యి. ఇంటావిడ పేరు జయమ్మ. ఇక్కడ ఫోన్ లేదు, ఆదివారాలు ఎదురుచూడకండి.

మూడో ఇల్లూ కుదరదన్నారు సిద్ధాంతిగారు. వీధి పోటు ఉందట.

ఇక ప్లానులు పంపకండి. నేనెప్పుడు వస్తానో తెలియనప్పుడు ఇల్లెందుకు? ఒక్కరికైతే ఒక గది సరిపోతుంది. నాకు సరిపోయింది.

భార్గవి


ఆక్లాండ్
18 అక్టోబరు 1998

భార్గవికి,

ఆగస్టులోనే నాకు అనుమానం వచ్చి సుబ్బరాయుడుగారికి ఉత్తరం రాశాను. నిన్న జవాబు వచ్చింది. పాపం, ముసలాయన వణికే చేత్తో రాశారు. మార్చిలో ఒక ప్లాను చూశారట. తర్వాత అమ్మాయి రాలేదు, కులాసానా అని అడిగారు. మిగతా రెండు ఇళ్లూ ఆయన కంటపడనేలేదు.

నైరుతి పల్లం నువ్వే కల్పించావు. వీధి పోటూ నువ్వే కల్పించావు. నేను ఆ చలిలో దిక్సూచి పట్టుకుని ఊరంతా తిరుగుతుంటే నువ్వక్కడ కూర్చుని ఏ దిక్కు తప్పు పట్టాలా అని వెతికావు. రావడం ఇష్టం లేకపోతే లేదని రాయవచ్చు కదా? కొత్త బిల్డింగులో ఉద్యోగం నచ్చిందా? ఇంకేమైనా నచ్చిందా?

పోనీ మారితే మారావు, ఊరంతా వదిలేసి బోరబండకెందుకు పోయావు? నాకు ఆ చోటు ఇష్టం లేదు. కారణం అడక్కు.

ఇంకో ఇల్లు చూశాను. ఎండ బాగా పడుతుంది. వచ్చే నెల సంతకం పెట్టేస్తున్నాను. నువ్వు వస్తే రా. లేకపోతే నేనొక్కణ్ణే పాలు పొంగించుకుంటాను.

దినేష్


బోరబండ
15 నవంబరు 1998

ప్రియమైన మీకు,

సంతకం పెట్టకండి. ఈ ఉత్తరం ఆలోగా అందాలని మొక్కుకుంటూ రాస్తున్నాను.

నాకు టీబీ. క్షయ. మే నెలలో వీసా ఎక్స్-రేలో మచ్చ కనిపించింది. కళ్లె పరీక్ష చేసి ఖాయం చేశారు. మందులు పూర్తయి, పరీక్షల్లో ఏమీ లేదని తేలేదాకా నా ఫైలు పక్కన పెడతామన్నారు. తర్వాతైనా ఇస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. నా కోసం మీరు ఇల్లు కొని, నేను రాలేకపోతే? పరాయి దేశంలో ఆ ఇల్లు మీ మెడకు చుట్టుకుంటుంది. అందుకే దిక్కులన్నిటికీ తప్పులు పెట్టాను. వద్దని ఊరికే చెబితే ఎందుకని అడుగుతారు. వాస్తు అంటే అడగరనుకున్నాను.

ఇల్లు మారింది దుమ్ముకు కాదు. కొమురమ్మగారు ఒకరోజు బట్టలు తీయడానికి పైకి వచ్చి గూట్లో మందులు చూసింది. గడప దాటి లోపలికి రాలేదు. "మా పెద్దోడు రాములు గిట్లనే దగ్గి దగ్గి పోయిండు బిడ్డా. గీ గోలీలు నాకెరుకే. నీ మీద కోపం గాదు. మనవలు పసిపోరలు, నేనేం జేద్దు చెప్పు? ఇగ జర ఇల్లు చూస్కో" అంది. ఏడ్చింది కూడా. నేను వెళ్లే రోజు డజను గుడ్లు తెచ్చి నా చేతిలో కాకుండా మెట్టు మీద పెట్టింది. దినమొకటి తినమంది. ఆ గుడ్లు తీసుకోవడానికి వంగినప్పుడు నాకు వచ్చిన ఏడుపు ఎక్స్-రే చూసినప్పుడు కూడా రాలేదు.

బోరబండ ఎందుకంటే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి దగ్గర. మందులు తెచ్చుకోవడానికి నడిచి వెళ్తాను. జయమ్మకు చెప్పలేదు. మందుల అట్టలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆఫీసు చెత్తబుట్టలో వేస్తాను. దగ్గు తగ్గింది, బరువు రెండు కిలోలు పెరిగాను. ఇంకో మూడు నెలలు వాడాలి. ఈ గదికి ఒకటే కిటికీ, అది కూడా పక్కింటి గోడ మీదికి తెరుచుకుంటుంది.

ఇంకేమైనా నచ్చిందా అని అడిగారు. ఆ ఒక్క మాట రాయకుండా ఉండాల్సింది.

మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకే మొదటిసారి చెబుతున్నాను. జబ్బుదాన్ని కట్టుకున్నానని మీకు అనిపిస్తే నేను తప్పు పట్టను.

మీ
భార్గవి


ఆక్లాండ్
6 డిసెంబరు 1998

ప్రియమైన భార్గవికి,

సంతకం పెట్టలేదు. కోపంలో రాశాను. ఆ ఒక్క మాటకు జీవితాంతం సిగ్గుపడతాను.

ఇప్పుడు నేను రాయబోయేది చదివాక నీకు నా మీద కోపం వస్తుంది. రావాలి.

బోరబండ నాకెందుకు ఇష్టం లేదో చెబుతాను. చదువుకునే రోజుల్లో, మన పెళ్లికి నాలుగేళ్ల ముందు, అక్కడే ఒక గదిలో ఉండేవాణ్ణి. అప్పుడు నాకు వచ్చింది, ఇదే జబ్బు. అదే ఆసుపత్రికి నడిచి వెళ్లాను. ఆ మందుల కిటికీ ముందు వరసలో నిలబడి, తెలిసినవాళ్లు కనిపిస్తే ముఖం తిప్పుకునేవాణ్ణి. ఇంటాయనకు తెలిసిన రోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి నా ట్రంకుపెట్టె రోడ్డు మీద ఉంది. పైన పరుపు. పరుపు మీద బ్లీచింగ్ పౌడరు.

మందులు పూర్తిగా వాడాను, తగ్గింది. మా నాన్న అనంతపురం నుంచి వచ్చి ఒకటే మాట చెప్పాడు. "ఈ సంగతి బయటికి వస్తే నీకు పిల్లనెవరిస్తారురా?" పెళ్లిచూపుల్లో మీ నాన్న ఆరోగ్యం ఎలా ఉంటుందని అడిగితే నేను గట్టిగా నవ్వాను కూడా. నా వీసా ఫైలు నెల రోజులు ఆగింది కాగితాల వల్ల కాదు, పాత మచ్చ వల్ల. పరీక్షలు చేసి వదిలేశారు. నీకు అబద్ధం చెప్పాను.

ఎండ, కిటికీ అని ప్రతి ఉత్తరంలో గోల పెట్టింది అందుకే. గాలీ వెలుతురూ ఉన్న గదిలో ఉండమని అప్పుడు డాక్టరు చెప్పింది నన్ను వదలలేదు. సొంత ఇల్లయితే ఎవరూ పెట్టె బయట పెట్టరని కూడా.

నీకు నా నుంచి వచ్చిందో, బస్సులో ఎవరి నుంచి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. కానీ ఇది చెప్పగలను. జులైలో ఫోన్‌లో ఆ దగ్గు విన్నాను. ఆ దగ్గు నాకు తెలుసు. రిసీవరు పెట్టేశాక ఆ బూత్‌లోనే నిలబడిపోయాను. పరీక్ష చేయించుకో అని రాస్తే నీకెలా తెలుసని అడుగుతావు. అందుకని మందు తాగుతున్నావా అని రాశాను. అంతే రాశాను. అప్పటికే నీకు తెలిసిపోయి నువ్వొక్కదానివే మోస్తున్నావని నాకు తెలియదు. పెళ్లయిన కొత్తలోనే చెప్పి ఉంటే, కనీసం నీ మందుల అట్టలు నీ బ్యాగులో దాచుకునే పని ఉండేది కాదు. కొమురమ్మగారు చెప్పగలిగింది. నేను చెప్పలేకపోయాను.

ఉద్యోగం వదిలేస్తున్నానని ఇక్కడ రాసిచ్చాను. జనవరి పదిన దిగుతాను. ఇక్కడి ఇల్లు ఎవరో కొనుక్కున్నారట, మంచిదే, వాళ్లకైనా ఎండ పడుతుంది. తర్వాత ఎక్కడ ఉంటామో, అసలు ఇద్దరం కలిసి ఉంటామో లేదో నువ్వే తేల్చాలి. రావద్దని రాసినా ఆ ఉత్తరం నాకు అందేసరికి బయల్దేరి ఉంటాను. నువ్వు తలుపు తీయకపోతే అరుగు మీద కూర్చుంటాను.

ఓపిక ఉంటే ఒక ఇల్లు చూసి పెట్టు. అద్దెకే. వాకిలి ఏ దిక్కుకున్నా సరే, ఒక్క గదిలో ఎండ పడితే చాలు. ఇంటివాళ్లకు ముందే అన్నీ చెప్పు, ఈసారి దాచవద్దు. ఎవరికమ్మా జబ్బు అని అడిగితే, ముందు మా ఆయనకు వచ్చింది, తర్వాత నాకు వచ్చింది అని ఆ వరసలోనే చెప్పు.

నీ
దినేష్