అమ్మ వేళ్లు, బెన్నీ బావ కీబోర్డు

నాచారం,
ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక.

ప్రియమైన అమ్మకు,

నీ కొడుకు తీతు మోకాళ్లూని చేసుకునే మనవి. ఈ ఉత్తరంలో ముందుముందు కనబడబోయే అసూయకూ, దుర్బుద్ధికీ, బెన్నీ బావ గురించి పడబోయే ప్రతి మాటకూ ఇప్పుడే క్షమాపణ కోరుతున్నాను. ఆ పని అయిపోయింది కనుక ఇక మొహమాటం లేకుండా రాస్తాను.

దేవుని దయవల్ల నేనూ నాన్నా బాగున్నాం. బెన్నీ బావ మాకంటే బాగున్నాడు. ఊళ్లో నువ్వు దగ్గరుండి చూసుకుంటున్న అమ్మమ్మ, తుంటి కట్టుతోనే లేచి కూర్చుంటోందని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. "లైనక్సో గీనక్సో, ఫోన్ల మీరు వంద సెప్తరు, నేను నమ్మ. దాంట్ల తెలుగు టైపు జేసి, ప్రింటు దీసి, పోస్టు జెయ్యిన్రి. కాయితం సూసినంకనే దుకాణం సంగతి సెప్త" అని రాశావు. ఇదే ఆ కాగితం. కొత్త సిస్టమ్‌లో కొట్టి, మన టైపింగ్ దుకాణం ప్రింటర్‌లోనే తీశాను. వెలుతురులో పెట్టి చూసుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ గోళీ మరిచిపోకుండా వేసుకుంటున్నాడు. కరివేపాకు చెట్టు బతికే ఉంది, పక్కింటి సాలమ్మ పెద్దమ్మ చెయ్యి అందినంత మేర తప్ప. నీ మేనల్లుడు బెన్నీ వేళకు తింటున్నాడా అని మూడు చోట్ల అడిగావు. తింటున్నాడు. పోయిన ఆదివారం కోడికూరలో ఒక లెగ్ పీసు తిన్నాడు, తర్వాత రెండోదీ తిన్నాడు. నేను గిన్నెలోకి తొంగిచూస్తే నాన్న, "ఆడు మేడిపల్లి నుంచి బండి మీద వచ్చిండురా. నువ్వు మంచం మీదికెల్లి వచ్చినవు" అన్నాడు. నేను తిన్నానా అని నువ్వు ఒక్కచోటా అడగలేదు. ఇది ఫిర్యాదు కాదు, గమనిక.

జరిగింది నీకు తెలిసిందే అయినా నా పక్షం కూడా కాగితం మీద ఉండాలి. పాత విండోస్‌కు ఇక అప్‌డేట్లు రావని తేలింది. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లలోని వైరస్‌ల పుణ్యమా అని సిస్టమ్ ఒకటికి రెండుసార్లు పడకేసింది. దీంట్లోనే విండోస్ తీసేసి, డబ్బు కట్టనక్కర్లేని లైనక్స్ వేద్దామన్నది బావ. వద్దన్నది నేను. బీకామ్ కంప్యూటర్స్ చదివినవాణ్ణి, ఈ ఇంటి ఆస్థాన ఇంజనీరును, కారణాలు చాలా చెప్పాను. అసలు కారణం భయం. ఇన్‌స్టాల్ బటన్ మీద బాణం గుర్తు పెట్టి, నొక్కడానికి చెయ్యి రాక, చాయ్ తాగొస్తానని ఉప్పల్ రింగురోడ్డు దాకా నడిచిపోయాను. తిరిగొచ్చేసరికి బావ నొక్కేశాడు. పైగా, "ఏం గాలె బావా, బతికే ఉన్నది సూడు" అన్నాడు.

నా భయం అలా తీరింది. నీది తీరలేదు. ఊరికి పోయే ముందు కూర్చుని మొగిలయ్య బిడ్డ పెళ్లికార్డు మొదలుపెట్టావు. కొత్త దాంట్లో అక్షరాలన్నీ వేరే చోట్ల ఉన్నాయి. రెండు లైన్లకే చేతులు ఒడిలో పెట్టుకుని, "నా ఏళ్లు నాకే అక్కరకు రాకుంట పోయినయి. దుకాణం మూసేస్త" అన్నావు. ఆ రోజు నాన్నకు అన్నం సయించలేదు. నాకూ సయించలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

అప్పుడు బావ, నీ పాత పద్ధతిలోనే అక్షరాలు పడేలా కీబోర్డు ఫైలు తయారుచేస్తానన్నాడు. ఎప్పుడో నేర్చుకుని, నీ వీలుకొద్దీ అక్కడక్కడా మార్చుకున్న పద్ధతి అది. ఇంటర్నెట్‌లో దొరకదు. పాత సాఫ్ట్‌వేర్ పాత సిస్టమ్‌తోనే పోయింది. ఏ అక్షరం ఎక్కడుందో తెలిసింది నీ వేళ్లకే. నీ నోటికి కూడా తెలియదు. "అత్తమ్మా, 'భ' ఏడుంటది?" అని బావ ఫోనులో అడిగితే, "ఆగు బిడ్డా, కొట్టి సూస్త" అని అమ్మమ్మ దుప్పటి మీద టైపు చేసి, ఏ వేలు ఎటు పోయిందో చూసుకుని చెప్పేదానివి. వెనక నుంచి అమ్మమ్మ, "దోర్కా, నా మంచం మీద గా దరువేందే" అనడం స్పీకరులో వినిపించేది. నువ్వు నవ్వేదానివి. బావ నవ్వేవాడు. నేను ప్రింటర్‌లో కాగితం పెట్టేవాణ్ణి. అందులో అప్పటికే కాగితం ఉండేది.

చిన్నప్పుడు నీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే, "నువ్వు సదువుకో, గీ టైపింగ్ నీకెందుకు" అని లేపేశావు. చదువుకున్నాను. నాకు నేర్పనిదంతా బావకు అక్షరం అక్షరం అప్పగించావు. నాన్న ఏమో దుకాణంలో నీ కుర్చీ బావకిచ్చి, నీ స్టీలు గ్లాసులో చాయ్ పోశాడు. కుర్చీని భరించాను. గ్లాసును భరించలేకపోయాను.

ఇక నిన్ను భయపెడుతున్న సంగతి. "ళ సరిజేసినా మళ్ల మళ్ల తప్పుతున్నదట గదా. గసుంటిదాన్ని నమ్ముకోని మంది పెళ్లికార్డులు ఎట్ల కొట్టాలె? గది ఆగకుంటే దుకాణం ఎవలకన్న ఇచ్చేద్దాం" అని రాశావు. నిజమే, ళ కొడితే ణ పడేది. మొగిలయ్య ప్రూఫు చూసి, "ఏంది తీతు, నా బిడ్డది పెళ్లా, పెణ్ణా? గిది సూస్తే అల్లుడు అటే పోతడు" అన్నాడు. బావ ఆఫీసు నుంచి వచ్చి సరిచేసి పోయేవాడు. మర్నాడు మళ్లీ పెణ్ణి. "సమజైత లేదు మామయ్యా, గలతీ నాదే" అని నాన్న ముందు తల గోక్కునేవాడు. నాకు చాలా హాయిగా ఉండేది.

ఇవాళ అన్నాల దగ్గర బావ తన కంచంలోని లెగ్ పీసు తీసి నా కంచంలో వేశాడు. "బావా, నాతోని అయితలేదు. నువ్వు సదువుకున్నోనివి, జర సూడరాదు. అత్తమ్మ దుకాణం పోతది" అన్నాడు. ఎగతాళి కాదమ్మా, కళ్లు దించుకుని అన్నాడు. నేను కంచం పక్కకు జరిపి, లేచి దుకాణంలోకి వచ్చాను.

ఈ ఉత్తరం నీ కీబోర్డు మీదే కొట్టాను. ప్రింటర్ పక్కన నిలబడి స్పీకరులో విన్నదంతా గుర్తుంది. నీ అంత వేగం లేదు, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. పెళ్లి అని రాసిన చోటల్లా ళ సరిగ్గా పడిందో లేదో చూసుకో. దుకాణం ఎవరికీ ఇవ్వొద్దు. నువ్వు తిరిగొచ్చాక ఆ స్టూలు మళ్లీ వేసుకుంటాను, ఈసారి లేపకు.

ళ ఇకముందు తప్పదు. ఎందుకంటే అది తనంతట తాను ఎన్నడూ తప్పలేదు. బావ బండి సందు మలుపు తిరగగానే ఆ ఫైలు తెరిచి ళ, ణ తారుమారు చేసింది నేను. ప్రతిసారీ నేనే. బావ వల్ల కాలేదని తెలిస్తే నాకు ఫోన్ చేసి, "తీతూ, ళ ఏడుంటదో నేను సెప్త, రాసుకో" అంటావనుకున్నాను. నువ్వు మళ్లీ బావకే చేశావు.

బావకు సాయంత్రం నేనే చెప్తాను. ముందు నీకే చెప్పాలనిపించింది.

ఇట్లు,
లెగ్ పీసును ఇంకా కంచంలోనే ఉంచిన
నీ కొడుకు,
తీతు