వేలంలో జార్జి రాజు

పెద్దారవీడు

చెల్లీ ఝాన్సీ,

ఫోన్‌లో చెబితే మీ బావ విని నవ్వుతాడని చివరికి కలం పట్టాను.

నా ఆఫ్రికా నోట్ల పిచ్చి నీకు తెలుసు. తెల్లదొరలు అక్కడ ఏలినప్పటి నోట్లు సేకరించి, మడత పడకుండా బైబిల్లో దాస్తాను. చర్చిలో కోత పండుగ నాడు భక్తి ఎక్కువై, కళ్ళు మూసుకునే కానుక సంచిలో నోటు వేశాను. కళ్ళు తెరిస్తే, వేద్దామనుకున్న ఇరవై రూపాయల నోటు బైబిల్లోనే ఉంది. జార్జి రాజు బొమ్మ ఉన్న తూర్పు ఆఫ్రికా నోటు లేదు. నాకున్న వాటిలో అదంటేనే ఎక్కువ ముద్దు.

తిరిగి ఇమ్మని అడగడానికి నోరు రాలేదు. ఆరాధన తరువాత పాస్టరు అయ్యగారు, కానుకగా వచ్చిన గుమ్మడికాయలతో పాటు దాన్నీ వేలానికి పెట్టారు. కీర్తనలు కూడా పెదవుల్లోనే పాడుకునే నేను, వేలం పాట మాత్రం గొంతెత్తి పాడాను.

"ఏందక్కా, ఇన్నేండ్లు ఈ గొంతు యాడ దాచినావు?" అన్నాడు టైలరు ఎబినేజర్. అంతటితో ఊరుకోక, నా పాట మీద ఇంకా పెంచి పాడి నోటు గెలిచాడు.

నిన్న దాన్ని ఇంటికి తెచ్చి ఇచ్చాడు. "నీ కోసమే పాడినానక్కా. చినగకుండా మార్కాపురంలో లామినేషన్ గూడా చేయించినా."

ప్లాస్టిక్ అంటించాక నోటు సేకరణకు పనికిరాదు. ఆ మాట చెప్పలేక టీ ఇచ్చాను. రాజుగారు ఇప్పుడు కీర్తనల గ్రంథంలో పేజీ గుర్తుగా పనిచేస్తున్నారు.

ఈ ఉత్తరం దాచిపెట్టు, ఎవరికీ చూపకు. లామినేషన్ మాత్రం చేయించకు.

మీ అక్క